ద్వారం దగ్గరి కవచధారి – ఒక పరిశీలన

ఈ వ్యాసానికి కారణం తరగతిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న. ఆనాడు మేము తిక్కన సోమయాజి ద్రోణపర్వంలోని ఒక ఘట్టాన్ని పాఠంగా చెబుతున్నాము. సైంధవుని కాపాడడానికి దుర్యోధనుడు అర్జునునిపైకి బయలుదేరుతాడు. ద్రోణాచార్యుడు మంత్రపూతమైన కవచాన్ని తానే అతని ఒంటికి బిగించి పంపుతాడు. అర్జునుని బాణాలు ఆ కవచానికి తగిలి వృథాగా రాలిపోతాయి. సారథ్యం చేస్తున్న కృష్ణుడంతటివాడికే ఆశ్చర్యం కలుగుతుంది. అర్జునుడు మాత్రం తొందరపడక, కవచం కప్పని చోటు ఎక్కడున్నదో చూసుకొని, దుర్యోధనుని అరచేతులను గురిపెట్టి కొడతాడు.

ఇంతవరకు చెప్పగానే, గుడివాడ నుండి రోజూ బస్సులో వచ్చి చదువుకొనే విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఇది మేము ఆడే గేములో ఉన్నదే" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. అతడు కూర్చోలేదు. "మన కోటల దగ్గర కూడా ఒళ్ళంతా ఇనుము తొడుక్కున్న కావలివాళ్ళు ఉండేవారా, సార్?" అని అడిగాడు.

గంట కొట్టడం వల్ల ఆ పూట తప్పించుకున్నాము. వీడియో గేములంటే మాకు సదభిప్రాయం లేదు. ఆ సంగతి మా విద్యార్థులకు బాగా తెలుసు. అయినా ప్రశ్న న్యాయమైనది. అందుచేత ఆ విద్యార్థినే పిలిచి, ఆ ఆట ఏమిటో చూపించమన్నాము.

అతడు చూపించినది 2009లో యూబీసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన 'అసాసిన్స్ క్రీడ్ 2' అనే ఆట. పదిహేనవ శతాబ్దపు చివరి రోజులలో ఇటలీలోని ఫ్లోరెన్సు, వెనిసు నగరాలలో కథ నడుస్తుంది. మేడలు, చర్చి గోపురాలు, సందులు, సంతలు – వీటి చిత్రణలో చూపిన శ్రద్ధకు మేము నిజంగా ఆశ్చర్యపోయాము. నాయకుడు గోడలెక్కి, కప్పుల మీద పరుగెత్తి, రక్షకభటుల కన్నుగప్పి పోతూ ఉంటాడు. ఆ భటులలో తరగతులున్నాయి. సామాన్య భటుడు రెండు మూడు దెబ్బలకు పడిపోతాడు. తేలిక దుస్తులవాడు నాయకుడితో సమానంగా పరుగెత్తుతాడు. మూడవ రకంవాడు మాత్రం నిలువెత్తు ఇనుము. తలపై శిరస్త్రాణం, చేతిలో పెద్ద గొడ్డలియో పెద్ద కత్తియో. వానిని మామూలు దెబ్బలతో కూల్చడం కష్టం. వెనుకకు చేరి పొడవాలి, లేదా వాని ఆయుధాన్నే లాక్కొని వానిపై వాడాలి, లేదా పరుగెత్తి తప్పించుకోవాలి. బరువువల్ల వాడు వెంటాడి పట్టుకోలేడు.

"ఇతని పేరేమిటి?" అని అడిగాము.

"శత్రువు, సార్. పేరుండదు" అన్నాడు మా విద్యార్థి.

ఇదే వరుసలో 2007లో వచ్చిన మొదటి ఆట 1191 ప్రాంతపు జెరూసలేము, దమస్కసు నగరాలలో నడుస్తుంది. 2011లో వచ్చిన మరొకటి 1511 నాటి ఇస్తాంబులులో నడుస్తుంది. ఆ ఊళ్ళపేర్లు మా విద్యార్థులలో చాలామంది తమ ఇళ్ళలో పెద్దల నోట విన్నవే. ఇస్తాంబులు కథలో అందరికంటే కఠినుడైన కావలివాడు జానిసరీ. చరిత్రలో జానిసరీలు ప్రధానంగా కాల్బలం. పొడవైన ఉన్నిటోపీ, అంగీ, తరువాతి కాలంలో తుపాకి వారి గుర్తులు. బరువైన ఉక్కుకవచం వారి నిత్యవేషం కాదు. ఆట చేసినవారికి ఒక ఇనుపగోడ కావలసివచ్చింది, దానిని ఆ పేరుకు తొడిగారు. ఆటకు అది అవసరమే కావచ్చు. కాని చరిత్రను ఆటలోనే మొదట చూస్తున్న కుర్రవానికి, ద్వారం దగ్గర నిలబడినవాడు ముఖం లేనివాడు, పేరు లేనివాడు, కొట్టదగినవాడు అన్న భావం ముందుగా స్థిరపడిపోతుంది. అతడు అడిగిన ప్రశ్నకు సమాధానం వెదకాలని మాకు అనిపించినది అందుకే.

మొదట మాటల సంగతి చూద్దాము. తెలుగులో కవచానికి సంస్కృతం నుండి వచ్చిన వర్మం, తనుత్రాణం వంటి పదాలు గాక 'జోడు' అనే మాట ఉన్నది. శిరస్త్రాణానికి 'బొమిడికం' అన్న అందమైన మాట ఉన్నది. ఇప్పుడది నిఘంటువులకే పరిమితం. ఉర్దూలో, ఫారసీలో గొలుసుల అంగీ జిరహ్, తలకు ఖోద్, ముంజేతికి దస్తానా. రొమ్ముకు, వీపుకు, రెండు ప్రక్కలకు ఒక్కొక్క ఉక్కుపలక చొప్పున కట్టుకొనే దానిని చార్ ఆయీనా, అంటే నాలుగు అద్దాలు అన్నారు. మెరుగుపెట్టిన పలకలు అద్దాలవలె తళతళలాడుతాయి గనుక ఆ పేరు. జోడు అనే తెలుగుమాట మాత్రం కాలక్రమాన యుద్ధభూమి విడిచి వీధిలోకి వచ్చింది. నేడు జోడు అంటే కాలి చెప్పుల జతయే అందరికీ తోస్తుంది.

కవచం ఎంత విలువైన వస్తువో మత సంప్రదాయంలో పెరిగిన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. దావూద్ అలైహిస్సలాం చేతిలో ఇనుము మెత్తబడినదని, కడియాలను కొలత తప్పకుండా కూర్చి కవచాలు చేయడం ఆయనకు నేర్పబడినదని ఖురాన్ షరీఫ్ చెబుతున్నది. హజ్రత్ అలీ తమ కవచాన్ని అమ్మి బీబీ ఫాతిమాకు మహరు చెల్లించారన్న కథనం మన ఇళ్ళలో నిఖా సమయాన తరచు వినబడుతుంది. ప్రవక్త పరమపదించిన నాటికి వారి కవచం కొంత యవధాన్యం కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉన్నదని హదీసు. కవచం యోధుని ఆస్తి. పెండ్లికి అమ్ముకొనేది, ఇంట్లో తిండికి తాకట్టు పెట్టుకొనేది. దక్కను సైన్యాలలోనూ ఇదే భేదం కనిపిస్తుంది. సొంత గుర్రంతో, సొంత ఆయుధాలతో కొలువులో చేరినవాడు సిలాహ్‌దారు. ప్రభుత్వం ఇచ్చిన గుర్రమెక్కినవాడు బార్గీరు. గుర్రం చచ్చినా, ఆయుధం పోయినా మొదటివాని ఇల్లు గుల్లయ్యేది. ఆటలో ఒక కవచధారి కూలినప్పుడు ఈ లెక్క తెరమీద కనిపించదు.

ఇక మన నేల సంగతి. గొలుసుల అంగీ ఒక్కటే పది పదిహేను కిలోల బరువుంటుంది. ఐరోపాలోని పూర్తి ఉక్కుకవచం పదిహేను నుండి ఇరవై అయిదు కిలోలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకొనే దేశంలో, అందులోనూ చెమట ఆరని సముద్రపు ఒడ్డున, దీనిని తొడిగి పగలంతా ద్వారం దగ్గర నిలబడడం ఎవరివల్ల అవుతుంది? బందరులో ఇల్లున్న ప్రతివారికీ ఇంకొక సంగతి తెలుసు. ఉప్పుగాలికి కిటికీ ఊచలు నాలుగేళ్ళలో పొరలు పొరలుగా తుప్పు రాలుస్తాయి. కడియాలతో అల్లిన అంగీని తుప్పు నుండి కాపాడడానికే ఒక నౌకరు కావాలి.

అందువల్ల మన దేశంలో దూది ఆయుధంగా మారింది. ఈ మాట విచిత్రంగా తోచవచ్చు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయస్ అక్కడి సేనా ప్రదర్శనను వివరంగా వర్ణించాడు. రౌతుల అంగీలు పొరలు పొరలుగా కుట్టినవనీ, గట్టి తోలుపొరల మధ్య ఇనుప పలకలు అమర్చినవనీ, పైన పట్టు, మఖమలు తొడుగులున్నవనీ, శిరస్త్రాణాలు మెడను కూడా కప్పుతాయనీ అతడు వ్రాశాడు. కాల్బలంలోనూ దూది కూర్చి కుట్టిన అంగీలవారు అతనికి కనిపించారు. ఉత్తరాదిలో, దక్కనులో ఇటువంటి అంగీని చిల్తా అన్నారు. అది చిహల్ తహ్, అంటే నలువది పొరలు, అన్న మాటనుండి వచ్చినదని చెబుతారు. దీనిని మన ఊరి మాటల్లో చెప్పాలంటే గట్టిగా కుట్టిన బొంత. దూదిని బాగా ఏకి, సమంగా పరచి, దగ్గర దగ్గరగా కుట్టువేస్తే, కత్తి కోతకు పొర వెనుక పొర అడ్డుపడుతుంది, బాణపు ములికి వేగం చచ్చిపోతుంది. మెక్సికోను జయించిన స్పెయిను సైనికులు కూడా అక్కడి జనం తొడిగే దూది అంగీలను చూసి, తమ ఉక్కు విప్పి వాటిని తొడుక్కున్నారు.

కృష్ణాజిల్లాలో దూదేకుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెలుగే మాతృభాషగా, ఇస్లామే మతంగా, విల్లుతో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టడం తరాలుగా వారి వృత్తి. వారి పూర్వులు యుద్ధపు అంగీలు కుట్టారని చెప్పే శాసనమేదీ మేము చూపలేము, చూపబోము. కాని అటువంటి అంగీ ఎక్కడ తయారైనా, దాని వెనుక దూది ఏకగలిగిన చేయి ఒకటి ఉండక తప్పదు. పరుపులవాని దుకాణం ముందు ఆ వింటినారి మ్రోత విన్న విద్యార్థికి, కవచం అనేది కమ్మరి కొలిమిలోనే పుడుతుందన్న భ్రమ ఉండదు.

కొలిమి పని మనకు రాదని దీని అర్థం కాదు. నేటి తెలంగాణలోని కోనసముద్రం, నిర్మల ప్రాంతాలలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు ప్రపంచ ప్రసిద్ధం. ఐరోపా భాషలలో దానికి స్థిరపడిన 'వూట్జ్' అనే పేరు మన 'ఉక్కు' నుండే పుట్టిందని పండితుల అభిప్రాయం. గోల్కొండ రాజ్యపు ఉక్కు ఫారసు దేశానికి పోయి, మెలికల గీతలు తేలే ప్రసిద్ధమైన కత్తులుగా మారేదని పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే వ్రాశాడు. గోల్కొండకు ముఖ్యమైన రేవు మచిలీపట్టణం. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ కాలుమోపారు. కలంకారీ బట్టలతో పాటు ఇనుము, ఉక్కు కూడా ఈ రేవునుండి ఓడలెక్కాయి. ఇది విచారించవలసిన విషయం: ఎవరెవరి ఒంటిమీద కవచాలుగానో, ఎవరెవరి చేతుల్లో కత్తులుగానో మారే లోహం బందరు వీధులలో బండ్లమీద పోతుండగా, ఆ బండ్లకు కాపలా నడిచిన బంట్రోతు ఒంటిమీద నూలుబట్టయే ఉండి ఉంటుంది.

బందరులో ఉక్కు శిరస్త్రాణాన్ని చూడదలచినవారికి మేము డచ్చివారి శ్మశానాన్ని సూచిస్తాము. అక్కడి పాత సమాధిఫలకాలపై కుటుంబ చిహ్నాలను ఎత్తుగా చెక్కారు. ఐరోపా సంప్రదాయంలో డాలుపైన శిరస్త్రాణాన్ని నిలపడం ఆ చిహ్నాలకు అలంకారం. వర్తకం చేసుకొని జ్వరంతో చనిపోయిన మనిషికి సైతం చావులో యోధుని టోపీ కావలసివచ్చిందన్నమాట.

మన ప్రాంతంలో నిజంగా భారమైన కవచం మోసిన ప్రాణి ఏనుగు. ఇంగ్లండులోని లీడ్సు ఆయుధశాలలో మన దేశపు ఏనుగు కవచం ఒకటి ఉన్నది. మద్రాసు గవర్నరు ఎడ్వర్డు క్లైవు భార్య దానిని 1801లో తీసుకొనిపోయింది. కొన్ని భాగాలు పోగా మిగిలినదే 118 కిలోలు తూగుతుంది. ఏనుగుల మాట వచ్చినప్పుడు దివిసీమను తలచుకోవాలి. కాకతీయ గణపతిదేవుని గజసాహిణి, అంటే గజబలానికి అధిపతి, జాయప సేనాని దివిసీమను ఏలిన అయ్య వంశంవాడు. గణపతిదేవుడు ఈ సీమను లోబరచుకొని, ఆ వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను వివాహమాడి, వారి సోదరుడైన జాయపను తన కొలువులోకి తీసుకున్నాడు. ఆ వంశ చరిత్ర దివిసీమలోని గణపేశ్వరం శాసనంలో (1231) ఉన్నది. ఓడిన ఇంటి బాలుడు గెలిచిన ఇంటి ఏనుగులకు అధిపతి అయ్యాడు. తీరిక వేళ 'నృత్తరత్నావళి' అనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని రచించాడు! ఏ ఆటలోనైనా ఇటువంటి సేనాపతిని ఊహించి పెట్టగలరా అని మాకు సందేహం.

ఇంతకూ ద్వారం దగ్గర నిలబడినవాడు ఎవరు? మా విద్యార్థి ప్రశ్నలో అసలు ముడి ఇక్కడున్నదని మేము అనుకుంటాము. కృష్ణాతీరాన నాగార్జునకొండలో, మూడవ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధానిలో దొరికిన శిల్పాలలో ఒక భటుని రూపమున్నది. చేతులున్న అంగీ, కాళ్ళకు షరాయి, తలకు టోపీ, చేతిలో ఈటె. చుట్టూ ఉన్న శిల్పాలలో రాజులు సైతం సగం ఒళ్ళు వదిలి ఉండగా, ఇతడు మాత్రం నిండా దుస్తులతో ఉన్నాడు. ఇతనిని శక దేశీయునిగా పండితులు గుర్తించారు. చలిదేశంనుండి బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వచ్చి, తెలుగు ఎండలో, పరాయి రాజు ముంగిట నిలబడ్డాడు. శిల్పి అతని వేషాన్ని మార్చలేదు, వెక్కిరించనూ లేదు.

గోల్కొండకు వస్తే కథ తిరగబడుతుంది. అక్కడ సుల్తాను పారశీక సంప్రదాయంవాడు. కోటలను కాచినవారు నాయక్‌వారీలు అనబడే తెలుగు బంట్లు. ఇబ్రహీం కుతుబ్ షా 1543 నుండి ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకొని, 1550లో తిరిగివచ్చి గద్దె ఎక్కినప్పుడు, అతనికి దారి తీసినవారు జగదేవరావు నాయకత్వంలోని ఈ నాయక్‌వారీలే. తరువాత ఆ జగదేవరావే ఎదురుతిరిగి విజయనగరం చేరాడు. అదివరకే, పదిహేనవ శతాబ్దంలో, విజయనగరపు రెండవ దేవరాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో చేర్చుకొని, వారికి మసీదు కట్టించి, వారు సలాము చేయడానికి ఇబ్బంది పడకుండా తన సింహాసనం ఎదుట ఖురాన్‌ను ఉంచాడని ఫెరిష్తా వ్రాశాడు. తురక కోటకు తెలుగు కావలి, హిందూ కోటకు తురక కావలి – ఇది ఆనాటి దక్కనులో వింత కాదు. చరిత్ర పుస్తకాలలో మాత్రం రెండు రంగుల గుడారాలే కనిపిస్తాయి. మరొక సంగతి ఉర్దూ విభాగం విద్యార్థులకు ఆసక్తికరం. కంపెనీవారు తెలుగుదేశపు సిపాయిలను బెంగాలుకు తీసుకొనిపోయినందువల్ల ఉత్తరాదిన సిపాయికి 'తిలంగా' అన్న పేరు స్థిరపడింది. 1857లో ఢిల్లీలోని ఉర్దూ రచయితలు తిరుగుబాటు సిపాయిలను తిలంగాలనే అన్నారు. వారిలో తెలుగువాడు ఒక్కడు లేకపోయినా ఆ మాట నిలిచింది.

ఇప్పుడు ద్వారపాలకుని కథ ఒకటి చెప్పాలి. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించి సుమారు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఫిరంగులు పేల్చాడు, సొరంగాలు త్రవ్వించాడు, నిచ్చెనలు వేయించాడు. గోడ లొంగలేదు. చివరకు అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి లోబడి రాత్రివేళ ద్వారం తెరిచాడు. ఆ తెరిచిన ద్వారానికి ఎదురు వెళ్ళినవాడు అబ్దుర్ రజాక్ లారీ. అదివరకు ఔరంగజేబు అతనికీ పెద్ద పదవులు చూపాడు, అతడు తిరస్కరించాడు. అరుపులు విన్న క్షణంలో అతనికి కవచం తొడుక్కొనే వ్యవధి లేకపోయింది. ఖాఫీ ఖాన్ చెప్పినదాని ప్రకారం, జీను కూడా లేని గుర్రంపై ఎక్కి, ఒక చేత కత్తి, ఒక చేత డాలు పట్టుకొని, పది పన్నెండుమందితో ద్వారం మీదికి ఉరికాడు. శరీరమంతా గాయాలై, కళ్ళకు రక్తం కమ్మగా, గుర్రమే అతనిని మోసుకొనిపోయి ఒక తోటలో కొబ్బరిచెట్టు దగ్గరికి చేర్చింది. అక్కడ పడిపోయాడు. దాదాపు డెబ్బై గాయాలు లెక్కకు వచ్చాయట. ఔరంగజేబు అతనికి వైద్యులను పంపి బ్రతికించాడు. అతడు చాలాకాలం బిగిసి ఉండి, పిమ్మట మొగలు కొలువులో చేరాడు. ఈ చివరి వాక్యాన్ని మన ఉపన్యాసకులు సాధారణంగా వదిలివేస్తారు. వదలకూడదని మా అభిప్రాయం. పరాజితుడైన కావలివాడు కూడా మరునాడు బ్రతకాలి కదా!

మేము ఈ కథ చెప్పినప్పుడు ఆ గుడివాడ విద్యార్థి కొంతసేపు మౌనంగా ఉండి, "గేములో ఇతను ఏ రకంవాడవుతాడు, సార్?" అని అడిగాడు. కవచం లేదు గనుక సామాన్య భటుల తరగతిలో పడతాడు, రెండు మూడు దెబ్బలలో పోతాడు అని అతనే సమాధానం చెప్పుకున్నాడు.

మా ఊరి కోట సంగతితో ముగించాలి. బందరు కోట పట్టణానికి ఆగ్నేయంగా, కాలువల నడుమ, బురదనేలలో ఉన్నది. 1759లో ఫ్రెంచివారి సేనాని కాన్‌ఫ్లాన్స్ దానిలో ఉండగా, కంపెనీ సేనాని ఫోర్డు ముట్టడించాడు. లోపలివారు బయటివారికంటే ఎక్కువ. ఉక్కు కవచాల కాలం అప్పటికే పోయింది. తుపాకి గుండు ముందు ఆ బరువుకు అర్థం లేకుండా పోయింది. రెండు పక్షాలలోనూ సిపాయిలలో అత్యధికులు ఈ దేశంవారే. కోటకు నైరుతి దిక్కున ఉన్న ఊబిని మనిషి దాటలేడని ఫ్రెంచివారి ధీమా. అటు గట్టి కావలి పెట్టలేదు. ఊబియే కావలి అనుకున్నారు. ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కెప్టెన్ నాక్సు కొందరు సిపాయిలతో ఆ బురదలోనే నడిచి అటునుండి అలజడి చేశాడు. లోపలివారు అటు తిరిగినంతలో ప్రధాన సేన ఈశాన్యపు బురుజు మీద పడింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. దొరికిన బందీల సంఖ్య పట్టినవారి సంఖ్యను మించింది. మోకాలిలోతు బురదలో ఆ రాత్రి అడుగులో అడుగు వేసిన సిపాయిల ఒంటిమీద ఇరవై కిలోల ఇనుము ఉండి ఉంటే ఏమయ్యేదో వేరుగా చెప్పనక్కరలేదు. వారి పేర్లు కూడా మనకు అందలేదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి ఈ ప్రాంతంలో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది. ఆ తరువాత సైన్యాన్ని ఇక్కడినుండి తీసివేశారు. నాటినుండి కోటకు కావలి లేదు.

మొన్న వానలు వెలిసిన పిమ్మట మా విద్యార్థులు కొందరు నైరుతి దిక్కు ఏదో తేల్చుకోవాలని పట్టుబట్టి అక్కడికి వెళ్ళారు. పొద్దుగూకే వేళకు మోకాళ్ళదాకా బురదతో తిరిగి వచ్చారు. గుడివాడ కుర్రవాడు అందరికంటే వెనుకగా, ఒంటికాలి చెప్పు చేతబట్టుకొని, కుంటుకుంటూ వచ్చాడు. రెండవది ఊబి లాగేసుకున్నదట. "జోడు పోయింది, సార్" అన్నాడు.